సైరన్‌కు ఆగని క్లారినెట్

గోదావరిఖని చౌరస్తాలో ఏ చాయ్ హోటల్ ముందు నిలబడ్డా, మా పెళ్లి బ్యాండు నాగపూర్ జాజ్ పండుగకు పోయొచ్చిన సంగతి రెండు రకాలుగా వినిపిస్తుంది. మొదటి రకం: అంత పెద్ద స్టేజీ, అంత జనాన్ని చూసేసరికి మనవాళ్లకు చెమటలు పట్టి పాట మధ్యలో ఆగిపోయారు, మా అన్న మల్లయ్య ఒక్కడే ఆగకుండా క్లారినెట్ వాయించి ఊరి పరువు నిలబెట్టాడు. రెండో రకం బ్యాండు మాస్టర్ ఖాజా భాయ్ చెప్పేది: అదంతా ముందే అనుకుని చేసింది, జాజ్ అంటేనే అంత, నలుగురు ఆగాలి, ఒకడు వాయించాలి.

రెండూ తప్పే. మొదటి కథ చెప్పేవాళ్లలో ఒక్కడు కూడా రామగుండం స్టేషన్ దాటి మాతో రాలేదు. ఖాజా భాయ్ వచ్చాడు, స్టేజీ మీదే ఉన్నాడు. కానీ ఆ నిమిషంలో ఆయన టోపీ తీసి తల వంచుకుని ఉన్నాడు కాబట్టి ఏమీ చూడలేదు. చూసింది నేను. స్టేజీకి ఎనిమిది అడుగుల దూరంలో ఎర్ర సంచి పట్టుకుని నిలబడ్డాను. ఆ సంచి ఎందుకో ముందు చెప్పాలి.

నేను డిగ్రీ చదివి కోర్టు ఎదురుగా జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. ఊళ్లో సగంమంది గుట్లు నా మిషన్ అద్దం మీద బోర్లా పడుకుని లేచినవే. మా అన్న భూమి కింద బొగ్గుబాయిలో డ్రిల్లర్‌గా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. డ్యూటీ లేని వేళల్లో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, రిటైరయ్యాక అదే ఆయన డ్యూటీ అయింది. సెంటర్ పెట్టిన నాటి నుంచి నా దగ్గర పైసా ఇవ్వకుండా కాపీలు తీయించుకున్న ఈ మనిషి, మొన్న చలికాలం మొదట్లో జ్యోతినగర్ దాకా పోయి, డబ్బులిచ్చి, ఒకే ఒక్క కాగితం జిరాక్స్ తీయించుకున్నాడు. ఆ షాపామె నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నాకు కోపం రాలేదు, అనుమానం వచ్చింది. అన్న ఇంటికి పోయి క్లారినెట్ పెట్టె తెరిచాను. లోపలి గుడ్డ కింద దవాఖాన కాగితం. చెవుల పరీక్ష. రెండు చెవుల గీతలూ గుట్ట దిగినట్టు కిందికి దిగిపోయి ఉన్నాయి.

నిలదీస్తే అన్న ఒకే మాట అన్నాడు. "ఖాజాకు చెప్పకు. నాగపూర్ పోయొచ్చినంక నేనే చెప్త."

ఖాజా భాయ్ సంగతి తెలిసినవాళ్లకు ఆ భయం అర్థమవుతుంది. తాళం రెండుసార్లు తప్పాడని సొంత బావమరిదినే బ్యాండు నుంచి తీసేసిన మనిషి ఆయన. మరి వినపడకుండా ఇన్నాళ్లు ఎలా వాయిస్తున్నావంటే, పక్కన ఓదెలు పెద్ద డ్రమ్ము కొడితే అది తన కడుపులో మోగుతుందట, తాళం అక్కడి నుంచి అందుకుంటాడట, పాట వేళ్లకు తెలుసట. కాకపోతే ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించాలో కళ్లకు కనిపించాలి. ఆ పనికి నేను. ఎర్ర సంచి లేపితే మొదలు, దించితే ఆఖరు. పైకి మాత్రం "హిందీ, ఇంగ్లీషు మాట్లాడేటందుకు సుగుణక్క వస్తది" అని చెప్పుకున్నాం.

డ్రమ్ముకు జరం

మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజులు. పద్నాలుగు మంది బ్యాండులో నాగపూర్‌వాళ్లు ఐదుగురినే పిలిచారు: బాకా ఊదే ఖాజా భాయ్, అన్న, పెద్ద డ్రమ్ము ఓదెలు, చిన్న డ్రమ్ములు కొట్టే నస్పూర్ అన్నదమ్ములు ఇద్దరు. ఆ అన్నదమ్ములు మాట్లాడగా నేను వినలేదు. ఏదడిగినా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

రైల్లో పెద్ద డ్రమ్ము సీట్ల కింద పట్టలేదు. ఓదెలు దాన్ని కింది బెర్త్ మీద పడుకోబెట్టి నిండా దుప్పటి కప్పాడు. మంచిర్యాల దాటాక టీసీ వచ్చి ఎవరు పడుకున్నారని అడిగాడు. మా పెద్దనాయన సార్, జరం, అన్నాడు ఓదెలు, కొంచెం కూడా తడబడకుండా. టీసీ లేపుదామని దుప్పటి మీద చెయ్యి వేసి తట్టాడు. పెద్దనాయన బోగీ అంతా అదిరేటట్టు మోగాడు.

నేను కలగజేసుకుని, సంగీత వాయిద్యం సామానా ప్రయాణికుడా అనేది ఏ రూలులో ఉందో చూపించమన్నాను. ఆయన రూలు చూపించలేదు గానీ, నా నోరు పడలేక కూర్చున్నాడు. సిర్పూర్ వచ్చేదాకా ఖాజా భాయ్ చేత బాకా వాయింపించుకుని విన్నాడు. అదే జరిమానా.

ఎదురు సీట్లో ఒక పెద్దామె. పుట్టిల్లు మన పెద్దపల్లి వైపే, చంద్రాపూర్‌లో గని కార్మికుడికిచ్చి చేశారు. ముప్ఫై ఐదేళ్లలో తెలుగులోకి మరాఠీ సగం కలిసింది. మీ దగ్గర బట్టలు ఆరేస్తే నలుపెక్కుతాయా, మా దగ్గర ఎక్కుతాయి, అంటూ మొదలుపెట్టింది. అన్నీ కలిశాయి: బొగ్గు పొడి, షిఫ్టుల వంట, మగవాళ్ల దగ్గు. చివరికి సైరన్ సంగతి వచ్చింది. వాళ్ల కాలనీకి ఇప్పుడు సైరన్ వినపడదట, పొద్దున లేవబుద్ధి కాదట. మీకుందా అంది. ఉంది, షిఫ్టుకొకసారి మోగుతుంది అన్నాను.

"మరి వేళ కాని వేళ మోగితే?"

ఓదెలు డ్రమ్ము మీది దుప్పటి సర్దాడు.

మా దగ్గర దానికొక కట్టుబాటు ఉంది. షిఫ్టు వేళ కాకుండా సైరన్ మోగిందంటే బాయిలో ఏదో అయిందని. ఎక్కడి వాళ్లు అక్కడ ఆగుతారు. బ్యాండు అయితే బరాత్ నడిరోడ్డు మీద ఉన్నా సరే ఆపేస్తుంది. టోపీలు తీసి, కబురు వచ్చేదాకా వాయిద్యం ముట్టరు. నిరుడు నస్పూర్ మూలమలుపులో ఒక పెళ్లికొడుకు గుర్రం మీద ముప్పావుగంట అలాగే కూర్చున్నాడు. సైరన్ బాగుచేసి మోగించి చూశారని కబురొచ్చేలోపు గుర్రం ఆయన దండ సగం తినేసింది. ఆ దండ గురించి ఇప్పటికీ నవ్వుకుంటాం. బ్యాండు ఆపినందుకు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నా చిన్నప్పుడు అలా మోగిన ఒక పొద్దున మా అమ్మ ఉడుకుతున్న అన్నం వదిలి బాయి దాకా పరుగెత్తింది. నాన్న నడుచుకుంటూ వచ్చాడు. పక్కింటాయన రాలేదు.

పెద్దామె దిగుతూ నాకు రెండు కమలాపండ్లు ఇచ్చింది. డ్రమ్ము మీద కూడా ఒకటి పెట్టింది, జరం కదా అని.

తర్రీ పోహా

నాగపూర్‌లో పొద్దున అందరూ తినేది అటుకులు. మనం అటుకులు పిల్లలకు, ప్రసాదానికి వాడతాం. వాళ్లు దాని మీద శనగల మసాలా పులుసు, నూనె తేలుతూ ఎర్రగా ఉండేది, గరిటెతో పోసి చేతికిస్తారు. పేరు తర్రీ పోహా. ప్లేటు ముప్ఫై రూపాయలు, పులుసు ఎంతడిగితే అంత. ఇంత ఊరికే పోసే హోటలు మన దగ్గర ఉంటే మూడో రోజు మూతపడుతుంది, ఎందుకంటే ఓదెలు లాంటి వాళ్లు అటుకులు ఒకసారి, పులుసు ఐదుసార్లు పెట్టించుకుంటారు. ఆయన పెట్టించుకున్నాడు. కారం తినడంలో తెలంగాణ వాళ్లను మించినవాళ్లు లేరని బండివాడికి నా చేత హిందీలో చెప్పించాడు కూడా. బండివాడు నవ్వి, మధ్యాహ్నం సావజీ మాంసం తినమని అడ్రసు చెప్పాడు.

తిన్నాం. ఆ కూర నల్లగా, మెత్తగా, అమాయకంగా ఉంటుంది. మూడో ముద్దకు ఓదెలు చెవులు ఎర్రబడ్డాయి. నాలుగో ముద్దకు నస్పూర్ అన్నదమ్ముల్లో పెద్దవాడు నోరు తెరిచి, ఆ ప్రయాణంలో తన మొదటి మాట అన్నాడు. "నీళ్లు." తమ్ముడు గ్లాసు ఇవ్వలేదు, అప్పటికే తనే జగ్గు ఎత్తి తాగుతున్నాడు. మా అన్న ఒక్కడే తాపీగా తిన్నాడు. ఆయన నాలుక బాగా పని చేస్తున్నట్టు లేదని అనుమానం వచ్చి, ఇంకా ఏమేం పోయాయో అని భయపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన పెరుగు ముందే తెప్పించి కూరలో కలుపుకున్నాడు.

మిల్లు మైదానం

పండుగ జరిగేది ఊరి మధ్య మూతపడిన బట్టల మిల్లు మైదానంలో. ప్రతి చలికాలం మూడు రోజులు, ఆరుబయటే. ఇటుక గోడలు, పొడుగాటి పొగగొట్టం, గడ్డి మీద చాపలు. ఒక్కో టికెట్టు పన్నెండు వందలు. ఆ ధర విన్న ఓదెలు, మన బరాత్ వెంట నడిచేవాళ్ల దగ్గర ఇన్నాళ్లూ ఏమీ తీసుకోనందుకు ఖాజా భాయ్‌ని చాలాసేపు తప్పుపట్టాడు. మమ్మల్ని పిలిచిన పిల్ల పేరు అనఘ. జ్యోతినగర్‌లో స్నేహితురాలి పెళ్లికి వచ్చి, మా బరాత్ వెనక రెండు కిలోమీటర్లు నడిచిందట. ఏటా ఒక రోడ్డు బ్యాండును పిలవడం వాళ్ల అలవాటు. మాకు ఒక అట్టల పుస్తకం ఇచ్చింది, మూడు రోజుల వివరాలన్నీ అందులో ఉన్నాయని. ఎండగా ఉంటే నేను దానితో విసురుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండో రోజు సాయంత్రం మేము శ్రోతలం. మొదట యూరప్ నుంచి వచ్చిన ముగ్గురు. డ్రమ్ముల ఆయన కర్రలు పక్కన పెట్టి, సన్నని తీగల కుంచెలతో డ్రమ్ము మీద రాస్తున్నాడు. ఓదెలుకు ప్రాణం పోయినంత పనైంది. "గింత దూరం విమానమెక్కి వచ్చి డ్రమ్ము ఊడుస్తున్నడేందక్కా" అన్నాడు. నేను నవ్వాను. ముందు చాప మీద పట్టుచీర ఆమె వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టింది. మా ఊళ్లో పాట వినడానికి నోరు మూసుకోవాల్సిన పని లేదని ఆమెకు చెప్పాను. ఇక్కడ ఉందంది. పాటలో మాటలే లేనప్పుడు నా మాట దేనికి అడ్డం వచ్చిందని అడిగాను. ఆమె చాప జరుపుకుంది.

తర్వాత షిల్లాంగ్ నుంచి వచ్చిన పిల్ల పాడింది. నిజంగానే మాటల్లేవు, ఊ, ఆ, ల, ల. మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. చంటిపిల్లను భుజాన వేసుకుని వంట చేసే ఆడది పాడుకునేదే అది, కాకపోతే వెయ్యిమంది ముందు. నేను జరిపించిన చాప వైపు చూశాను. పట్టుచీర ఆమె కళ్లు తుడుచుకుంటోంది. నేను తుడుచుకోలేదు, దుమ్ము పడింది.

ఆఖరున గోవా నుంచి వచ్చిన ముసలాయన, పేరు బెనెడిక్ట్. శాక్సఫోన్ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు, పక్కన చాయ్ ఫ్లాస్కు. ఒక రాగం ఎత్తుకుంటాడు, దాన్ని వదిలి ఎటో పోతాడు, మిగతావాళ్లు పక్కకు జరిగి ఆయన వచ్చేదాకా కాచుకుంటారు. వచ్చాక జనం చప్పట్లు కొడతారు, పాట నడుస్తుండగానే. మన ఒగ్గుకథలో కథకుడు కథ వదిలి పిట్టకథలోకి పోతే డోళ్లవాళ్లు ఆగి కాచుకుంటారు కదా, అదే ఇది. నాకు జాజ్ అర్థమైందని ప్రకటించాను. ఖాజా భాయ్‌కి నచ్చలేదు. ఆయన చేతిలో బ్యాండు ఉంటే ఎటో పోయినవాడు మళ్లీ రానక్కర్లేదు.

అన్న మాత్రం ముసలాయన వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు ఎంత వినపడిందో నాకు తెలియదు. అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

కుర్చీలు

మూడో రోజు పొద్దున స్టేజీ మీద మైకుల పరీక్ష. ఐదు కుర్చీలు వేసి ఉన్నాయి. అన్నను ముందు, మైకు దగ్గర కూర్చోబెట్టారు. ఓదెలును, పెద్ద డ్రమ్మును అందరికన్నా వెనక, పారదర్శక ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టారు, చప్పుడు మిగతావాళ్ల మైకుల్లోకి పోకూడదని. చేపల డబ్బాలో పెట్టారని ఓదెలు అక్కడి నుంచి సైగలు చేశాడు.

మా వాళ్లు జన్మలో కూర్చుని వాయించలేదు. పెళ్లి బ్యాండుది నడిచే పాట. పైగా డ్రమ్ము ఇరవై అడుగుల వెనక. అన్న రెండు దెబ్బలు ఆలస్యంగా ఎత్తుకున్నాడు. ఖాజా భాయ్ మళ్లీ మొదటి నుంచి అన్నాడు. మళ్లీ రెండు దెబ్బలు ఆలస్యం. ఖాజా భాయ్ బాకా దించి అన్న వైపు చూశాడు. బావమరిదిని తీసేసిన రోజు చూసిన చూపే అది. అన్న మొహంలో నెత్తురు లేదు, నా సంచి వైపు చూస్తున్నాడు. సంచి ఏం చేస్తుంది?

నేను స్టేజీ ఎక్కాను. చెవులకు మిషన్లు తగిలించుకుని సౌండు చూసే గడ్డపాయనతో, ఇలా కుదరదు, పెద్ద డ్రమ్ము క్లారినెట్‌కు ఎడమ పక్కనే ఉండాలి, అందరూ నిలబడాలి అన్నాను. మైకులు గోలపెడతాయన్నాడు. పెట్టనీ అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి, ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక మాట వచ్చింది: ఇది మా సంప్రదాయం.

అంతే. నగరాల్లో చదువుకున్నవాళ్లు న్యాయానికి జరగరు, అవసరానికి జరగరు, సంప్రదాయం అంటే మాత్రం పలకలు పీకి పక్కన పెడతారు. అనఘ నోటు పుస్తకం తీసుకొచ్చి, ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. మా తాతల నాటి నుంచి అన్నాను. మా తాత బ్యాండు మొహం చూసి ఎరగడు. ఖాజా భాయ్ తన బ్యాండు సంప్రదాయాన్ని మొదటిసారి వింటూ, నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఏమీ అనలేదు. ఆయన అనకపోవడం నాకు వింతగా తోచింది గానీ, గెలిచిన ఊపులో పట్టించుకోలేదు.

పొద్దు గూకే వేళ

మా వంతు పొద్దు గూకేటప్పుడు. మైకులో ఆమె మమ్మల్ని పరిచయం చేస్తూ, ఈ నల్లబంగారు నేలలో గని తల్లికి గౌరవంగా పెద్ద డ్రమ్మును క్లారినెట్‌కు ఎడమవైపు నిలుపుతారని చెప్పింది. గని తల్లిని నేను చెప్పలేదు. మధ్యాహ్నం లోపల ఆ తల్లి తనంతట తానే పుట్టింది.

మొదట బరాత్ పాటలు. ఓదెలు దెబ్బ వేశాడు, నేను సంచి లేపాను, అన్న ఎత్తుకున్నాడు. సరిగ్గా, వెంట్రుకవాసి తేడా లేకుండా. రెండో పాటకు చాపల మీది జనం లేచారు. మూడో పాటకు, నా నోరు మూయించిన పట్టుచీర ఆమె చెప్పులు విడిచి ఎగురుతోంది. నన్ను చూసి చెయ్యి చాచింది, సంచి ఉంది కాబట్టి పోలేదు.

నాలుగోది అప్పగింతల పాట. పెళ్లికూతురిని కారెక్కించేటప్పుడు వాయించేది, ఆడవాళ్లనే కాదు, బిల్లు కోసం వచ్చిన టెంటువాడిని కూడా ఏడిపించేది. అందులో క్లారినెట్టే ముందు. అన్న కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు, మిగతావాళ్లు మెల్లగా వెనక నడుస్తున్నారు. ఎండ పొగగొట్టం కొస మీద మాత్రమే మిగిలింది.

అప్పుడు సైరన్ మోగింది.

నాగపూర్‌లో ఉన్నామని మా తలలకు తెలుసు, కాళ్లకు తెలియదు. ఓదెలు కర్ర గాల్లోనే ఆగింది. నస్పూర్ అన్నదమ్ములు ఒకేసారి టోపీలు తీశారు. ఖాజా భాయ్ బాకా చంకలో పెట్టుకుని తల వంచాడు. నా చేతిలోంచి సంచి జారి కింద పడింది. నేను ఎవరి పేరు తలుచుకున్నానో చెప్పను. మా ఇంట్లో ఇప్పుడు బాయిలో పని చేసేవాళ్లు ఎవరూ లేరు, అయినా తలుచుకున్నాను.

అన్న ఆగలేదు.

డ్రమ్ము లేదు, కడుపులో మోగేది లేదు. సంచి లేదు. కళ్లు మూసే ఉన్నాయి. అంత పెద్ద సైరన్ కింద ఆ క్లారినెట్ ఒక్కటే, సన్నగా, పాటను పట్టుకుని నడుస్తోంది. తర్వాత పాటను వదిలింది. నాకు సంగీతం రాదు, వచ్చినంత చెబుతాను: అది సైరన్ ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తుకు ఎక్కి, దాని పక్కన నిలబడింది. సైరన్ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. క్లారినెట్ కూడా దిగింది. రెండూ ఒక్కచోట ఆగాయి.

ఓదెలు స్టేజీ అంచుకు వచ్చి, నీళ్లు నిండిన కళ్లతో నన్ను అడిగాడు. "ఏ బాయి అక్కా?"

అప్పుడు జనం లేచి కొట్టిన చప్పట్లకు పొగగొట్టం మీది పావురాలన్నీ లేచిపోయాయి.

అది మిల్లు సైరన్. పండుగ ఆఖరి రోజు పొద్దు గూకేటప్పుడు, ఆ మిల్లులో పనిచేసినవాళ్లను తలుచుకుంటూ ఏటా ఒక్క నిమిషం మోగిస్తారట. ఊరందరికీ తెలుసట. అట్టల పుస్తకం చివరి పేజీలో రాసి ఉంది. లోకంలో అందరి కాగితాలు చదివే నేను ఆ ఒక్క కాగితంతో విసురుకున్నాను. ఇందులో తప్పెవరిదంటే నాది.

రెండు జవాబులు

స్టేజీ వెనక బెనెడిక్ట్ ముసలాయన ఫ్లాస్కు పట్టుకుని వచ్చి, తన కప్పులోనే అన్నకు చాయ్ పోశాడు. అన్న మొహంలో మొహం పెట్టి, హిందీలో మెల్లగా, సైరన్ స్వరాన్ని గాల్లోంచి అందుకుని దాంతో పాటు దిగడం తాను యాభై ఏళ్లలో చేయలేకపోయానన్నాడు. వినే చేశావా అని అడిగాడు. ఎదురుగా మొహం చూసి మాట్లాడితే అన్నకు అర్థమవుతుంది.

"సునా, సాబ్," అన్నాడు అన్న, విన్నానని. చాయ్ తాగాడు.

నా గుండె మీంచి బండ దించినట్టయింది. అన్నకు వినపడుతోంది, రిపోర్టే తప్పు, ఖాజా భాయ్‌తో ఇక చెప్పాల్సిందేమీ లేదు అనుకున్నాను. ఖాజా భాయ్ మాత్రం ఆ మాట విని అటు తిరిగిపోయాడు. ఆ సాయంత్రం అన్నం దగ్గర అన్న పక్కన కూర్చోలేదు.

మరునాడు తిరుగు రైల్లో, అన్న కిటికీ పక్కన నిద్రపోతుండగా, నేనే ఖాజా భాయ్‌ని కదిపాను. అంత గొప్పగా వాయిస్తే మొహం అట్లా పెట్టుకున్నారేమని. ఆయన డ్రమ్ము మీది కమలాపండు వైపు చూశాడు. ఓదెలు దాన్ని ఎవరినీ తిననివ్వలేదు, వాయించడం అయిపోగానే మళ్లీ అక్కడే పెట్టాడు.

"సుగుణమ్మా, మీ అన్నకు ఇనవడ్తలేదని నాకు రెండేండ్ల సంది ఎరుక," అన్నాడు. "ఓదెలును ఆయన ఎడమ పక్కకు తెచ్చి నిలవెట్టింది ఎవలనుకున్నవ్? నువ్వు నిన్న చెప్పిన సంప్రదాయం నాదే."

నేను ఎర్ర సంచి మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"చెవి పోయినోన్ని ఉంచుకుంట. నాకు ఫికర్ లేదు. సైరన్ ఇని ఆగనోన్ని మాత్రం ఉంచుకోను. మా అబ్బా బాయిల పోయిన దినం నేను బాయి కాడికి ఉరుకుతున్న, పక్క గల్లీల ఒక బ్యాండు ఆగకుంట వాయించుకుంటనే పోయింది. గా పాట నాకు ఇప్పటికీ ఇనవడ్తది."

అంటే అన్న ఇన్నాళ్లూ దాచిందే ఆయన్ని నిలబెడుతుంది. నిన్న గర్వంగా చెప్పిందే ఆయన్ని దించేస్తుంది. నేను అన్నను లేపాను, రైలు ఊగినప్పుడు తగిలినట్టు నటిస్తూ, మోచేత్తో. ఖాజా భాయ్ ఎదుటికి వంగి, పెదాలు కనపడేటట్టు అడిగాడు.

"మల్లన్నా, నిన్న సైరన్ ఇన్నవా?"

అన్న ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, కిటికీ బయటికి చూశాడు. బయట పత్తి చేలు తప్ప ఏమీ లేవు.

"ఇనవడలే, ఖాజా. రెండేండ్ల సంది సగం ఇనవడ్తలేదు. నీకు చెప్పాలంటే సిగ్గయింది."

ఖాజా భాయ్ లేచి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. మళ్లీ ముహూర్తాలు వచ్చేలోపు చెవికి మిషన్ పెట్టుకోవాలి, లేకపోతే బ్యాండు డ్రెస్సు తిరిగి ఇచ్చెయ్యాలి అన్నాడు. అన్న సరేనన్నాడు. ఓదెలు అంతా విని, ఇన్నాళ్లు తను కొట్టింది ఆయన కడుపులోకా అని, డ్రమ్మును కొత్త గౌరవంతో చూశాడు. కమలాపండును ఆరు ముక్కలు చేసి పంచాడు.

మూడు గంటల సైరన్

అన్న మిషన్ పెట్టుకున్నాడు. మొదటి వారం రోజులు నా గొంతు ఇంత పెద్దదని తెలియక తను ఇన్నాళ్లు ఎంత సుఖంగా బతికాడో అందరికీ చెప్పుకున్నాడు. బ్యాండులో ఉన్నాడు. ఓదెలు ఇప్పటికీ ఎడమ పక్కనే నిలబడతాడు, మిషన్ వచ్చాక ఆ అవసరం లేకపోయినా. సంప్రదాయం కదా.

అంతా బాగానే ఉంది. నాకే బాగాలేదు. అనఘ పంపిన వీడియోను జిరాక్స్ సెంటర్‌లో కూర్చుని ముప్ఫైసార్లు చూశాను. సైరన్ మొదలుకాగానే ఫోను శబ్దం గరగరమని పగిలిపోతుంది. క్లారినెట్ ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో అందులో తేలదు. వినపడకపోతే, సైరన్ దిగిన చోటే ఎట్లా దిగాడు? వినపడితే, ఉడుకుతున్న అన్నం వదిలి అమ్మ పరుగెత్తడం నాతోపాటు చూసినవాడు, ఎట్లా ఆగకుండా ఉన్నాడు?

మొన్న అన్న నా సెంటర్‌లో చాయ్ తాగుతుండగా మూడు గంటల సైరన్ మోగింది. ఆయన తలెత్తి గోడ గడియారం చూశాడు. వేళకే మోగింది. మళ్లీ చాయ్ అందుకున్నాడు. ఇదే సమయమని అడిగేశాను, రెండు జవాబుల్లో ఏది నిజమని.

"గోవా సారుకు చెప్పింది నిజమే," అన్నాడు. "ఖాజాకు చెప్పింది నిజమే." గ్లాసు కడిగి బోర్లించి, వెళ్లిపోయాడు.

రెండూ నిజమయ్యే లెక్క నేను చదివిన చదువులో లేదు. అందుకే ఆయన చదువుతాడని తెలిసి ఇక్కడే అడుగుతున్నాను. అన్నా, ఇప్పుడు చెవికి మిషన్ ఉన్నది, ఇనవడలేదని తప్పించుకునేది లేదు. ఆ పొద్దు ఆ సైరన్ నీకు ఇనవడ్డదా, లేదా?